దెయ్యం కనబడిందన్నవాళ్ళకి ఆలోచన తక్కువా?

లెక్కల మాస్టారు:
బ్యాటు, బంతి కలిపి 110 రూపాయలు. బంతి కన్నా బ్యాటు 100 ఎక్కువ. బంతి ఎంత? చాలామంది ఠక్కున పది అంటారు. జవాబు ఐదు. 2005లో షేన్ ఫ్రెడరిక్ ఇలాంటివే మూడు ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశాడు. నోటికొచ్చిన జవాబును ఆపి, మళ్ళీ చూసుకుంటామా లేదా అన్నదే అందులో తేలేది. తర్వాతి సర్వేల్లో, మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకి దెయ్యాల్లాంటి వాటి మీద సగటున నమ్మకం తక్కువని తేలింది. కాబట్టి నా జవాబు, అవును.

నైట్ డ్యూటీ:
మాస్టారూ, మీ లెక్క నేను మొదటిసారే ఐదని చెప్పాను. అయినా నాకు కనబడింది. వరసగా నాలుగు రాత్రులు వార్డులో ఉండి వచ్చి పడుకున్నాను. మెలకువ వచ్చింది. ఫ్యాను తిరగడం కనబడుతోంది, వేలు కదలదు. గుండెల మీద బండ పెట్టినట్టుంది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కలలు వచ్చే నిద్రలో కండరాలు చాలావరకు పనిచేయవు, ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా అవుతుందని నాకు తెలుసు. తెలిసినా చెమటలు పట్టాయి. అమ్మమ్మ మాత్రం దిండు కింద చెప్పు పెట్టుకోమంది. నమ్మకం వేరు, అనుభవం వేరండీ.

పాత రేడియో:
నైట్ డ్యూటీ గారితో ఏకీభవిస్తాను. పాట వింటే పక్కన పిలిచినా వినబడనంతగా లీనమయ్యేవాళ్ళుంటారు. ఆ గుణాన్ని కొలవడానికి 1974లో టెలిగెన్, ఆట్కిన్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రశ్నావళి రాశారు. వింత అనుభవాలు చెప్పేవాళ్ళలో అది కాస్త ఎక్కువ. దాన్ని తెలివితక్కువతనం అంటే ఎలా? సూసన్ బ్లాక్‌మోర్ అనే మనస్తత్వ పరిశోధకురాలికి 1970లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా, ఒంట్లోంచి బయటికొచ్చి తేలినట్టు అనిపించింది. ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి, అతీత శక్తుల మీద నమ్మకం వదిలేసింది. ఆ రోజు అనుభవం మాత్రం నిజమేనంటుంది.

లెక్కల మాస్టారు:
సరే, అనుభవం మాట ఒప్పుకుంటాను. నా కోపం ఎక్కడిదో కూడా వినండి. మా చిన్నాన్న కూతురికి ఫిట్స్ వచ్చేవి. వచ్చేముందు నీడేదో కనబడుతోందనేది. దెయ్యం పట్టిందని ఆరు నెలలు మంత్రగాడి చుట్టూ తిప్పారు. మందులు మొదలుపెట్టాక తగ్గింది.

నైట్ డ్యూటీ:
ఆ నీడ ఎలా ఉండేదని ఎవరైనా అడిగారా మాస్టారూ? డాక్టరుకి ఆ వివరమే కావాలి.

లెక్కల మాస్టారు:
లేదమ్మా. మంత్రగాడు భయపెట్టాడు, నేను నవ్వాను. ఆ పిల్ల చెప్పడం మానేసింది.