అప్‌డేట్: చరిత్ర ఉపన్యాసాల సంగతి అడిగాను కదా

మా రాజమండ్రి లైబ్రరీలో నెలనెలా పెట్టే స్థానిక చరిత్ర ఉపన్యాసాల వల్ల ఉపయోగం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని అడిగాను. తలలు లెక్కపెట్టడం మానేసి, వచ్చినవాళ్లను వెళ్లేటప్పుడు ఒక్క ప్రశ్న అడగమని మీరన్నారు. గోదావరి మీది పాత రైలు వంతెన హేవలాక్ గురించి ఉపన్యాసం అయ్యాక "ఈరోజు కొత్తగా ఏం తెలిసింది?" అని చీటీలు పంచాం. దాని మీద 1900లో రైళ్లు మొదలయ్యాయని, 1997లో ఆగాయని చాలామంది రాశారు. అది బోర్డు మీదే ఉంది లెండి! అసలు మజా ఏంటంటే, రైల్వేలో రిటైరైన ఓ పెద్దాయన లేచి వంతెన మీద తన డ్యూటీ కబుర్లు మొదలుపెడితే ఒక్కరూ కదల్లేదు. వక్తగారు కూడా కూర్చుని రాసుకున్నారు. అంతకుముందు ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) ఉపన్యాసంలో మాత్రం స్లైడ్లు చదువుతుంటే సగంమంది టీకి లేచిపోయారు. వచ్చే నెల నుంచి చివరి అరగంట ఊరివాళ్లదే. వాళ్ల కబుర్ల రికార్డింగ్‌కి ప్రస్తుతానికి మా అబ్బాయి ఫోనే గతి.