సమస్యాపూరణం: «తల్లి తెల్లన, బిడ్డలు నల్లనైరి»

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య పైన ఇచ్చిన తేటగీతి పాదమే. త, న అక్షరాలకు యతిమైత్రి లేదు గనుక ఇందులో వాటి తరువాతి అక్షరాలు (ల్లి, ల్ల) కలిసే ప్రాసయతి చెల్లుతుందని గమనించగలరు. పూరణకు ఇతివృత్తం ఆఫీసులలోని చెడ్డ జెరాక్స్ యంత్రం, అది కూడా దానిని బాగుచేయడానికి వెళ్లినవాని చూపుతో. మనుషుల ఒంటిరంగును వేళాకోళం చేసే పూరణలను స్వీకరించము. ఛందస్సును తెలుగు మాస్టారు పరిశీలిస్తారు; యంత్రాల మరమ్మతే వృత్తిగా గల మన సభ్యులొకరు, పద్యంలో చెప్పిన కారణానికి ఆ ఫలితం నిజంగా వస్తుందో రాదో చూస్తారు. పద్యం నిలవాలంటే ఇద్దరినీ ఒప్పించవలసి ఉంటుంది.

విశ్రాంత గుమాస్తా:

దీప మాఱిన యంత్రానఁ దెల్లపుటనె
యద్దమునఁ బెట్టి పై మీట నదిమినంత
బొగ్గునే మించు మసితోడఁ బుట్టె నకలు
తల్లి తెల్లన, బిడ్డలు నల్లనైరి.

అసలు కాగితం తల్లి, నకళ్లు బిడ్డలు. లోపలి దీపం వెలగని యంత్రంలో అసలు ఎంత తెల్లగా ఉన్నా నకలు నల్లగానే వస్తుందని భావం.

తెలుగు మాస్టారు:
యతులు సరిపోయాయి. రెండవ పాదంలో స్వరయతి చక్కగా కుదిరింది. అయితే మూడవ పాదంలో «నకలు» ఏకవచనం, నాలుగవ పాదంలో «బిడ్డలు» బహువచనం, అన్వయం కుంటుతున్నది. «బొగ్గునే మించు నకలులు పుట్టె నచట» అంటే గణాలూ యతీ చెడకుండా దోషం తొలగుతుంది. మరొక మాట: «ఐరి» మనుషులను చెప్పే మహద్వాచకానికి తగిన క్రియ, కాగితాలకు «అయ్యె» రావాలి. బిడ్డలనే రూపకం ఉన్నందువల్ల ఇక్కడ ఓర్చుకోవచ్చును గాని, ఈ చిక్కును అసలే రానీయకుండా పూరించినవారికి ఎక్కువ మార్కులు వేస్తాను.

మరమ్మతుదారు:
పాత తరం యంత్రానికి ఈ పద్యం అక్షరాలా వర్తిస్తుంది. అందులో దీపకాంతి అసలు కాగితంపై పడి, తెల్లని భాగాల నుండి వెనుదిరిగి, ముందే విద్యుదావేశం నింపి ఉంచిన డ్రమ్ము అనే గొట్టంమీద పడుతుంది. కాంతి సోకినచోట విద్యుదావేశం పోతుంది, సోకనిచోట నిలిచి, టోనరు అనే నల్లని అచ్చుపొడిని లాగుకొంటుంది. దీపం ఆరితే ఆవేశం ఎక్కడా పోదు కాబట్టి పుటంతా నలుపే. నేటి డిజిటల్ యంత్రాలు మాత్రం పని మొదలుపెట్టేముందే దీపాన్ని వెలిగించి, అద్దం అంచున ఉండే తెల్లపట్టీని చదివి చూచుకొంటాయి. వెలుగు చాలకపోతే తెరమీద ఒక కోడ్ చూపి ఆగిపోతాయి గనుక, అంతదూరం నకలు తీసే అవకాశం సాధారణంగా ఇవ్వవు. «పాత యంత్రాన» అన్న సూచన ఎక్కడో ఒకచోట ఉండవలసింది.

నవ్యకవి:

తీఁగ తెగిపోయి యావేశ దీప్తి లేక
డోలుపై నల్లపొడి యంత డొల్లి యంటఁ
బుటలు చీఁకటి ముద్దలై పుట్టె నయ్య
తల్లి తెల్లన, బిడ్డలు నల్లనైరి.

డ్రమ్మును డోలు అన్నాను. డ్రమ్ముకు ఆవేశమిచ్చే కరోనా తీగ తెగితే ఇలా జరుగుతుందని విన్నాను.

తెలుగు మాస్టారు:
ధార బాగున్నది. «నయ్య» పాదపూరణకే వచ్చిందన్నది తప్ప నాకు అభ్యంతరం లేదు. డోలు అన్న మాట నాకు నచ్చింది.

మరమ్మతుదారు:
నాకు మాత్రం అభ్యంతరం ఉన్నదండి. తీగ తెగితే పుట నల్లబడుతుందా, తెల్లబడుతుందా అన్నది యంత్రం ఏ తరానిదో తెలిస్తేనే చెప్పగలం. 1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ తొలి నకలు తీసినప్పుడు గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది ఆవేశం కలిగించారు. వెలుగు సోకక ఆవేశం మిగిలిన అక్షరాలమీదనే పొడి నిలిచింది. పాత యంత్రాలన్నీ ఆ దారినే నడిచాయి. వాటిలో తీగ తెగితే ఆవేశం లేదు, ఆవేశం లేకపోతే పొడి అంటదు, కాగితం కోరాగా బయటికి వస్తుంది. అంటే తల్లి ఎలా ఉన్నా బిడ్డలు తెల్లగానే పుడతారు, సమస్య తలక్రిందులవుతుంది.

లేజరు యంత్రంలో వరుస మారింది. అక్కడ లేజరు కిరణం అక్షరం పడవలసిన చోటనే ఆవేశాన్ని తగ్గిస్తుంది, టోనరు అలా తగ్గినచోటికే వెళుతుంది. కాబట్టి ఆవేశమే అందని డ్రమ్ము మొత్తాన్నీ అక్షరమని భ్రమించి టోనరు పుటంతా పరచుకొంటుంది. నవ్యకవిగారి పద్యం ఈ యంత్రానికి నిజం. కాని ఇటువంటి యంత్రాలు చాలావాటిలో తీగ ఉండదు, దాని స్థానంలో చార్జ్ రోలర్ ఉంటుంది. తీగను పాతదాని నుండి, నలుపును కొత్తదాని నుండి తెచ్చి కలిపినట్లు అనిపించింది. తీగ ఉన్న పెద్ద లేజరు యంత్రాలూ లేకపోలేదు గనుక తప్పనలేను, సందేహానికి చోటిచ్చిందని మాత్రం అంటాను.

పల్లెటూరి కవి:

గాజుపట్టిపై వైట్నరు గారి యెండి
పుటపుటకు నల్లగీఁతలు వచ్చుచుండ
నీలిమబ్బులు కమ్మిన నింగి పగిది
తల్లి తెల్లన, బిడ్డలు నల్లనైరి.

తెలుగు మాస్టారు:
రెండవ పాదంలో యతిభంగం. పకార వకారాలకు మైత్రి ఉన్నప్పటికీ «పు»లోని ఉకారానికి «వ»లోని అకారం చెల్లదు. «పుటపుటకు నల్లగీఁతలు పొడముచుండ» అని సవరించుకోండి.

మరమ్మతుదారు:
కారణం సరిగ్గా పట్టుకొన్నారు, పైగా మాకు నిత్యం ఎదురయ్యేది ఇదే. కాగితాలను తనంతట తానే లాగుకొనే ఫీడరు గుండా పోయే కాగితాన్ని యంత్రం ఒక సన్నని గాజుపట్టీ దగ్గర చదువుతుంది. ఆరీ ఆరని వైట్నరు ఉన్న కాగితం వేస్తే ఒక చుక్క ఆ పట్టీకి అంటుకొని, కాగితం కదులుతున్నంతసేపూ చుక్క కదలక, పుట పొడుగునా గీతగా పడుతుంది. అదే కాగితాన్ని పెద్ద అద్దంమీద పెట్టి తీస్తే గీత ఉండదు. ఈ పరీక్ష తెలియక డ్రమ్ము మార్పించుకొన్న ఆఫీసులు ఉన్నాయి. మెత్తని గుడ్డతో అరనిమిషం తుడిస్తే పోయేదానికి అంత ఖర్చు! మా దృష్టిలో చెడ్డ యంత్రమంటే పాతది కాదు, లక్షణాన్ని ఒకచోట చూపి కారణాన్ని మరొకచోట దాచుకొనేది. నలుపు వచ్చిందనగానే మేము ముందుగా కంప్యూటరు నుండి ఒక పుట అచ్చు తీస్తాము. అచ్చు శుభ్రంగా ఉంటే తప్పు చదివే భాగానిది, అచ్చు కూడా నల్లగా ఉంటే డ్రమ్ము వైపుది.

ఇక పద్యం మాటకు వస్తే, రెండు గీతలు పడినంతమాత్రాన బిడ్డ నల్లనిదైనట్లు కాదు. మబ్బు కమ్మిన ఆకాశమనడం అతిశయోక్తి. సమస్య పూర్తి నలుపును కోరుతున్నది.

పల్లెటూరి కవి:
సవరణకు కృతజ్ఞతలు మాస్టారూ. మరమ్మతుదారుగారూ, అందరి పద్యాలనూ విప్పి చూశారు, మరి మీ పూరణ ఏది?

మరమ్మతుదారు:

వ్యర్థచూర్ణము నిండిన పాత్ర పొంగఁ
దిండి పెట్టెడి యంత్రమ్ముఁ దెఱచినంత
సేవ కేఁగిన యువకులు శిరము దాఁక
తల్లి తెల్లన, బిడ్డలు నల్లనైరి.

ఇందులో తల్లి కాగితం కాదు, యంత్రమే. మాకు కూడు పెట్టేది అదే కదా. డ్రమ్ముమీద మిగిలిపోయిన టోనరును ఒక బద్ద గీకి పక్కనున్న డబ్బాలో చేరుస్తుంది. డబ్బా నిండితే యంత్రం హెచ్చరించి ఆగిపోవాలి. కొన్ని ఆఫీసులలో డబ్బాను ఊడదీసి, నాలుగుసార్లు తట్టి, సెన్సారును ఏమార్చి మళ్లీ బిగిస్తారు. చెత్త మాత్రం చేరుతూనే ఉంటుంది. పైన తెల్లని ప్లాస్టిక్ తొడుగులు మచ్చలేకుండా మెరుస్తుంటాయి, తలుపు తెరిచినవాడిమీద మాత్రం లోపలిదంతా కుమ్మరిస్తుంది. నేను చూసిన యంత్రాలలో వీటికంటే చెడ్డవి లేవు.

నవ్యకవి:
«శిరము దాఁక» అన్నది కవిసమయమా, వాస్తవమా?

మరమ్మతుదారు:
వాస్తవమేనండి. టోనరు మైక్రాన్ల పరిమాణంలో ఉండే ప్లాస్టిక్ పొడి కాబట్టి గాలిలో తేలి కనుబొమలదాకా పడుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు పెడితే ఫిల్టరు గుండా వెళ్లి గదంతా నిండుతుంది. ఒంటికంటినదాన్ని చన్నీళ్లతోనే కడుక్కోవాలి. వేడికి మెత్తబడి అతుక్కొనేందుకు తయారుచేసిన పొడిమీద వేడినీళ్లు పోయడం మంచిది కాదు.

తెలుగు మాస్టారు:
యంత్రాన్ని తల్లిని, మనుషులను బిడ్డలను చేయడంతో «ఐరి» అన్న క్రియ సహజంగా ఒదిగింది, నేను ముందు చెప్పిన చిక్కు లేదు. «తిండి పెట్టెడి» అన్న విశేషణం మాతృత్వాన్ని సమర్థించింది. కాని «శిరము దాఁక» అన్నది «నల్లనైరి»తో కలవాలి, నడుమ «తల్లి తెల్లన» అడ్డుపడుతున్నది. ఇది దూరాన్వయ దోషం. మూడవ పాదంలో వాక్యం ముగిసేట్లు చూడండి.

మరమ్మతుదారు:
«సేవ కేఁగినవారిపైఁ జిమ్మె మసిని» అంటే సరిపోతుందా మాస్టారూ? సేకు జికారంతో యతి చెల్లుతుందనుకొంటున్నాను.

తెలుగు మాస్టారు:
చెల్లుతుంది. చకార వర్గానికి శషసలతో మైత్రి ఉన్నది, ఏకారానికి ఇకారమూ కుదిరింది. అన్వయం తిన్ననైంది. శిరస్సు పోయినందుకు విచారించనవసరం లేదు.

నిర్వాహకుడు:
సవరించిన రూపంలో ఈ పూరణను ఈ వారం ఉత్తమ పూరణగా స్వీకరిస్తున్నాము. విశ్రాంత గుమాస్తాగారి పద్యం, మాస్టారు సూచించిన మూడవ పాదంతో, రెండవ స్థానంలో ఉంటుంది. నవ్యకవిగారు తీగకు బదులు రోలరును నిలిపి మొదటి పాదాన్ని తిరిగి వ్రాయదలిస్తే ఆదివారం వరకు గడువు ఉన్నది.