సొంతంగా కంపైల్ చేసిన కెర్నెల్‌తో ఎస్‌ఎస్‌హెచ్‌లో షెల్ రావడం లేదు

నమస్కారం. డెబియన్ సర్వర్ కోసం టైనీకాన్ఫిగ్‌తో (దాదాపు అన్ని ఎంపికలూ ఆఫ్‌లో ఉండే అతి చిన్న కెర్నెల్ అమరికతో) మొదలుపెట్టి, కావలసిన డ్రైవర్లను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని) కంపైల్ చేశాను. యంత్రం చక్కగా బూట్ అవుతోంది, నెట్‌వర్క్ పనిచేస్తోంది, కన్సోల్‌లో లాగిన్ కూడా అవుతోంది. అయితే ఎస్‌ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా ప్రవేశించినప్పుడు మాత్రం పాస్‌వర్డ్‌ను అంగీకరించిన వెంటనే పీటీవై (షెల్ నడవడానికి కెర్నెల్ ఇచ్చే కృత్రిమ టెర్మినల్) కేటాయింపు విఫలమైందన్న సందేశం వచ్చి, ఆదేశాలు టైప్ చేసే ప్రాంప్ట్ కనిపించకుండానే ఆగిపోతోంది. లాగిన్‌తో పాటే ‘యూనేమ్’ వంటి ఒక ఆదేశాన్ని పంపితే జవాబు సరిగ్గా వస్తోంది కనుక, ఫైర్‌వాల్‌ను గానీ పాస్‌వర్డ్ సెట్టింగులను గానీ నేను అనుమానించడం లేదు. ప్రాక్‌లోని (కెర్నెల్ తన సమాచారాన్ని చూపే డైరెక్టరీలోని) ఫైల్‌సిస్టమ్స్ జాబితాలో డెవ్‌పీటీఎస్ (పీటీవైలను అందించే ఫైల్‌సిస్టమ్) పేరు లేదు. పాత కెర్నెల్‌తో బూట్ చేస్తే ఉంటోంది, లాగిన్ సమస్యా ఉండదు. అసలు కారణం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది. యూనిక్స్98 పీటీవై ఎంపికను ఆన్ చేసి మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుందా, లేక డెవ్‌పీటీఎస్ మౌంట్‌ను ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ చేయవలసిన ఫైల్‌సిస్టమ్‌ల జాబితా ఉండే ఫైల్‌లో) కూడా విడిగా రాయవలసి ఉంటుందా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.