అప్‌డేట్: తిరుపతిలో 20 లీటర్ల క్యాన్ నీళ్ల సంగతి

క్యాన్ నీళ్లు పాచి వాసనొస్తున్నాయి, ప్లాంటు వాళ్లు మార్చనంటున్నారు, ఏం చెయ్యాలని పోయిన నెల అడిగాను కదా. సలహా చెప్పినోళ్లందరికీ థ్యాంక్స్.

టీడీఎస్ మీటర్ 40 చూపించింది. చూసి మురిసిపోవద్దు. అది కరిగిన లవణాలనే కొలుస్తుంది, సూక్ష్మజీవుల్ని కాదు. పనికొచ్చింది హెచ్2ఎస్ సీసా, అంటే నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా ఉందేమో చూసే టెస్టు సీసా. చేతులు కడుక్కుని, అంచు తాకకుండా గీత దాకా నీళ్లు పోసి, మూత బిగించి గదిలో పెట్టాలి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే కలుషితమైనట్టే. మాది మర్నాటి సాయంత్రానికే కాటుకైంది. నీళ్లు డిస్పెన్సర్ కుళాయి నుంచి కాకుండా, కొత్తగా సీలు తీసిన క్యాన్ నుంచే పట్టాలి. లేకుంటే తప్పు మన కుళాయిదే అంటారు. కాచి చల్లార్చిన నీళ్లతో ఇంకో సీసా పక్కన పెడితే వాదన ఉండదు. పరీక్షయ్యాక బ్లీచింగ్ పౌడర్ కలిపాకే పారబోయండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు లేకున్నా యూపీఐ రసీదు, క్యాన్ మీది లేబుల్ ఫొటో చాలాయి. అక్కడ తేలకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది: చెల్లించిన మొత్తం 5 లక్షల దాకా ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, ఫిర్యాదు చెయ్యడానికి గడువు రెండేళ్లు.

డబ్బులు వెనక్కొచ్చాయి. సూక్ష్మజీవుల్ని చంపే యూవీ దీపం మార్చామని ప్లాంటు వాళ్లంటున్నారు. వచ్చే క్యాన్‌కి మళ్లీ సీసా పెడతాను.