విక్టోరియన్ భవంతుల్లో వంటగది అంత దూరం ఎందుకు: మర్యాద కోసమా, అగ్గి భయమా?

మండువాలోగిలి:
విక్టోరియా కాలంలో ఇంగ్లండు పల్లెల్లో కట్టిన పెద్ద భవంతుల ప్లాన్లు చూడండి. వంటగదికీ డైనింగ్ రూమ్‌కీ మధ్య పొడవాటి నడవా, దానిలో ఒకటి రెండు మలుపులు. వడ్డన బల్ల దాకా వచ్చేసరికి సూప్ చల్లారిపోయేది. అయినా వంటగదిని దగ్గరకు తేలేదు. ఇది ముమ్మాటికీ మర్యాద వ్యవహారమే అంటాను. ఇంటివాళ్లది ఒక లోకం, పనివాళ్లది ఇంకో లోకం, ఎవరి తలుపు వాళ్లు వేసుకోగలగాలి అని వాస్తుశిల్పి రాబర్ట్ కెర్ 1864లోనే రాశాడు.

ఇటుకబట్టీ:
ఒప్పుకోను. కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ భవంతి 1881లో చాలా భాగం కాలిపోయింది. నిప్పు పుట్టింది వంటగది పొగగొట్టం దగ్గర. పొద్దస్తమానం బొగ్గు మండే పొయ్యి, మాంసం కాల్చడానికి దాని ఎదుట బహిరంగ మంట. అలాంటి గదిని ఎవరైనా దూరంగానే పెడతారు.

మండువాలోగిలి:
అగ్గికైతే మందపాటి గోడ, కాలని కప్పు చాలు. మలుపులెందుకండీ?

పొగగొట్టం:
మలుపులు వాసన కోసం. డైనింగ్ రూమ్‌లో బొగ్గు మంట వెలిగించారంటే ఆ పొగగొట్టం గదిలోని గాలిని పైకి లాగేస్తూ ఉంటుంది. అంత గాలీ ఎక్కడో ఒకచోటి నుంచి లోపలికి రావాలి కదా. వడ్డన తలుపు తెరిచిన ప్రతిసారీ నడవాలోని గాలి తోసుకొస్తుంది. ఆ నడవా తిన్నగా వంటగదిలోకి పోతే ఉడికిన క్యాబేజీ వాసన అతిథుల ముక్కుకి తగులుతుంది. అందుకే ఒక మలుపు, రెండు తలుపులు, వాటి మధ్య చిన్న వడ్డనగది. ఒక తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. వడ్డించే నౌకరు (ఫుట్‌మన్) చేతిలో పళ్లెం ఉంటే ఆ నియమం నిలవదు, కాబట్టి తలుపులు వాటంతటవే మూసుకునేలా బిగించేవారు. పనివాళ్ల వైపు తలుపుకి ఆకుపచ్చ ఉన్నిబట్ట పరిచి ఇత్తడి మేకులు కొట్టేది కూడా చప్పుడు, వాసన ఆపడానికే.

వడ్డన పద్ధతి మారడం ఇంకో సంగతి. అంతకుముందు ఒక విడతకి కావలసిన వంటకాలన్నీ ఒకేసారి బల్లమీద సర్దేవారు, ఎలాగూ కొంత చల్లారేవి. శతాబ్దం మధ్య నుంచి రష్యా పద్ధతి పాకింది: మాంసం పక్కబల్ల మీద కోసి, ఒక్కో వంటకం ఒక్కొక్కరి దగ్గరకు తీసుకెళ్లడం. అప్పుడిక వేడి తగ్గితే దాచలేరు. దానికి మందుగా వడ్డనగదిలో వేడినీటి గొట్టాలతో కాగే అల్మరా పెట్టారు, పళ్లేలకు లోహపు మూతలు పెట్టారు. దూరం మాత్రం తగ్గించలేదు.

రెండోమెట్టు:
మరి లండన్ మాటేమిటి? అవే కుటుంబాలు సీజన్‌లో, అంటే నగరంలో విందులు జోరుగా సాగే నెలల్లో, అక్కడి సంపన్నుల పేట బెల్‌గ్రేవియాలో ఉండేవి. అక్కడ వంటగది నేలమాళిగలో, డైనింగ్ రూమ్ దానిమీది అంతస్తులో, భోజనానికి ముందు అతిథులు చేరే డ్రాయింగ్ రూమ్ ఆపైన. ఇంటాయన అందరికన్నా హోదా గల స్త్రీకి చేయి అందించి ముందు నడిచేవాడు, ఇంటావిడ అందరికన్నా హోదా గల పురుషుడితో చివర్న వచ్చేది. ఆ జంటల వరస మెట్లు దిగి రావాలి, అందుకే మెట్లు ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు. మర్యాద ఒక్కటే, వంటగది మాత్రం కాళ్ల కిందే! దూరమే మర్యాద అయితే దీన్నెలా సహించారు?

పొగగొట్టం:
స్థలం లేక సహించారు, ఇబ్బందీ పడ్డారు. వేడిగాలి పైకే పోతుంది, మెట్లదారి మొత్తం పొగగొట్టంలా పనిచేస్తుంది. అందుకే వంటగది మెట్ల పైన తలుపు. వంటకాలు పైకి పంపే చిన్న లిఫ్టు పెడితే దాని గూడు కూడా వాసన మోస్తుంది, పైతలుపు, కిందితలుపు ఒకేసారి తెరవకూడదు.

ఇటుకబట్టీ:
వాసన వాదన బాగుంది, ఒప్పుకుంటాను. కానీ వంటగది ఒంటరి గది కాదు. అంట్లగది, మాంసం కొట్టు, పాలగది, బొగ్గు దిగే యార్డు అన్నీ దాన్ని అంటిపెట్టుకునే ఉండాలి. కొట్లకు ఉత్తరపు నీడ కావాలి, బొగ్గు బండ్లు తిరగడానికి చోటు కావాలి. యార్డు ఎక్కడుంటే వంటగది అక్కడికి పోతుంది. దూరం దాని ఫలితం.

మండువాలోగిలి:
సరే, మరి ఆ యార్డుని అతిథుల గుర్రపుబగ్గీలు వచ్చి ఆగే ముంగిట్లోంచి గానీ, డ్రాయింగ్ రూమ్ కిటికీల్లోంచి గానీ కనబడకుండా పెట్టాలన్న నియమం ఎక్కణ్నుంచి వచ్చింది? నీడ, బండ్ల దారి ఇంటికి ఒకటికి రెండు వైపుల దొరికిన చోట కూడా యార్డు అతిథుల కంటికి ఆనని మూలకే పోయింది. నేను అడుగుతున్నది దాని గురించే.