ఒంటిచేత్తో కాల్చే పాత పద్ధతి మన పోలీసులకి ఇంకా నేర్పాలా?

కాలవగట్టు:
షాంఘై పోలీసులకి ఒకప్పుడు ఫెయిర్‌బెయిర్న్ అనే బ్రిటిష్ పోలీసు అధికారి నేర్పిన పద్ధతి ఇది: కాస్త వంగి, ఒంటిచేత్తో, రెండు కళ్లూ తెరిచి, సైట్ (తుపాకీ మీద గురి చూసే గుర్తు) చూడకుండా ఎదుటి మనిషి నడిమధ్యకి కాల్చడం. చీకటి సందులో, నాలుగు గజాల లోపు, సైట్ చూసే టైముండదని ఆయన వాదన. మన కానిస్టేబుళ్లకి ఇప్పటికీ అదే కావాలంటాను.

రిటైర్డ్ ఏఆర్:
బాబూ, ఏఆర్‌లో, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో, నేను చేసింది ఆ ఉద్యోగమే. అమలాపురం వైపు ఒక లంకలో రాత్రి గాలింపుకి వెళ్లాం. ఎడమచేతిలో టార్చి, కుడిచేతిలో రివాల్వర్, కాళ్లకింద జారే ఒండ్రు. అరటితోటలోంచి ఎవడో లేచాడు. నువ్వు చెప్పినట్టే నా చెయ్యి దానంతటదే లేచింది. కాల్చలేదు. టార్చి తిప్పితే వాడి వెనక పది బారల్లో తాటాకు పాక, దడి పక్కన నులకమంచం, దానిమీద ఇద్దరు పిల్లలు నిద్రపోతున్నారు. తాటాకు దడి తూటాని ఆపుతుందా? ఆ మంచం కోడు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

టైముండదనే మాట నేను ఒప్పుకోను. 1959లో లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ జాక్ వీవర్ రెండు చేతులతో పట్టి, సైట్ చూసి, నడుం దగ్గర్నుంచి కాల్చేవాళ్లని పోటీలో ఓడించాడు. న్యూయార్క్ పోలీసు జిమ్ సిరిల్లో అయితే, నిజం కాల్పుల్లోనే తుపాకీ మొన దగ్గరుండే సైట్ మీది గీతలు కూడా తనకి కనిపించాయన్నాడు. అదంతా సాధన. ఏడాదికోసారి రేంజికి తీసుకెళ్లి నాలుగు రౌండ్లు కాల్పిస్తే అది వస్తుందా?

కాలవగట్టు:
పాక సంగతి నాకు తట్టలేదు బాబాయ్ గారూ. కానీ 1986లో అమెరికాలోని మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పులు చూడండి. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు చనిపోయారు. మిరెలెస్ అనే ఏజెంటుకి ఎడమచెయ్యి నుజ్జయితే షాట్‌గన్‌ని ఒంటిచేత్తోనే నడిపాడు. చివరికి రివాల్వర్‌తో ఆ దొంగలిద్దర్నీ ఆపింది ఆయనే. రెండు చేతులతోనే నేర్పి వదిలేస్తే ఎలాగండీ?

రిటైర్డ్ ఏఆర్:
ఒంటిచేత్తో నేర్పమనే నేనూ అంటున్నాను, ఎడమచేత్తో కూడా. వద్దంటున్నది చూడకుండా కాల్చడం. ముందు పేల్చినవాడే బతుకుతాడని మాకు సీనియర్లు నూరిపోసేవారు. ఆ మాటే ప్రమాదం. పోలీసు కాల్పుల్లో మనిషి పోతే ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో చెప్పింది. రేపు జవాబు చెప్పుకోవాల్సింది ట్రిగ్గర్ నొక్కినవాడే.

ఇంకోటి బాబూ. నా సర్వీసంతా రేంజి ప్రాక్టీసు పగటిపూటే. టార్చి పట్టుకుని ఒక్క రౌండైనా కాల్పించలేదు. మమ్మల్ని లంకల్లోకి పంపింది మాత్రం రాత్రిళ్లే.