రైఫిల్ కింద పెట్టే సంచిలో ఇసుక పోయాలా, చోళ్లు (రాగులు) పోయాలా?

మురళీనగర్ కొత్తవాడు
నా దగ్గర స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, 4.5 మి.మీ. పెల్లెట్ (చిన్న సీసపు గుండు) వాడేది. మా హాలూ వంటగదీ ఒకే వరుసలో ఉంటాయి. తలుపు తెరిస్తే సరిగ్గా 10 మీటర్లు వస్తుంది. గోడకు ఇనుప పెట్టె బిగించి అందులో కాగితం పెట్టి కొడుతున్నాను. స్కోపు (గురి చూసే దుర్బిణి) సరిచేసుకోవాలన్నా, ఏ పెల్లెట్ దీనికి నప్పుతుందో తేల్చుకోవాలన్నా రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చాలి కదా. అంగట్లో దొరికే సంచుల ధర చూశాక ఇంట్లోనే కుట్టించుకుందామనుకున్నాను. పాత జీన్స్ ప్యాంటు కాళ్లు రెండు కత్తిరించి పెట్టాను. తగువంతా లోపల పోసే సరుకు దగ్గరే వచ్చింది. ఇసుక తప్ప ఇంకేదీ పనికిరాదని మా బావగారు. డబ్బాలో మిగిలిపోయిన చోళ్లు పోసుకోమని మా అమ్మ. మీరేమంటారు?

గాజువాక యార్డ్
ఇసుకే. ఇందులో చర్చ ఏముంది? లీటరు పొడి ఇసుక కిలోన్నర పైన తూగుతుంది. చోళ్లయినా బియ్యమైనా ఇంచుమించు అందులో సగమే. వేలు ట్రిగ్గర్ మీద పడగానే కదిలిపోయే సంచి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఇంకా బరువు కావాలంటే ఓడల తుప్పు దులపడానికి వాడే గార్నెట్ ఇసుక ఉంది. పారిశ్రామిక సామాను అమ్మే చోట బస్తాల్లో దొరుకుతుంది.

భీమిలి గాలి
డబ్బు పోసి గార్నెట్ కొనడం దేనికండీ? మా వైపు ఒడ్డున నల్లటి చారలు కట్టిన ఇసుక ఉంటుంది. గుప్పెడు తీసుకుంటేనే దాని బరువు తెలుస్తుంది. ఒక ఆదివారం సంచి పట్టుకుని రండి, ఖర్చు లేని పని.

సీతమ్మధార పాఠకుడు
భీమిలి గాలి గారూ, దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. ఆ నల్ల చారల్లో ఉండేది ఇల్మనైట్, గార్నెట్, వాటితో కలిసి మోనజైట్ కూడా. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కాబట్టి ప్రభుత్వం దాన్ని అణు ఖనిజంగా లెక్కిస్తుంది. గుప్పెడు ఇసుకతో మనకేమీ కాదు, నిజమే. అయితే తీరం నుంచి ఇసుక తవ్వి తేవడాన్ని సీఆర్‌జడ్ అనే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. దారిలో కనిపించే ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలే వెళ్లకండి, అది భూవారసత్వ స్థలం.

చట్టాన్ని పక్కన పెట్టినా సముద్రపు ఇసుక ఈ పనికి చెడ్డది. దానిలోని ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన విశాఖలో గాలికి తేమ కొరతా? ఆరిందనుకున్న సంచి వానాకాలం రాగానే చెమ్మగిల్లుతుంది. రైఫిల్‌ను దాని మీదే వదిలేసి నిద్రపోతే ఇనుము తగిలిన చోట తుప్పు మచ్చ తేలుతుంది. ఇసుకే పోయాలనుకుంటే గోడల పూతకు వాడే సన్నని ఏటి ఇసుక తెచ్చి, నీళ్లు తేటపడే దాకా కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, జల్లించి పోయండి. రోబో ఇసుక మాత్రం వద్దు. అది రాతిని పగలగొట్టి చేసింది, అంచులు పదును. లోపల నుంచే గుడ్డను కోస్తుంది, పైగా దుమ్ము. గార్నెట్‌కూ ఇదే దోషం. తుప్పు దులపడానికి పనికొచ్చే పదును కుట్టును వదిలిపెడుతుందా?

కంచరపాలెం కుట్టు మిషన్
ఏది పోసినా కారకుండా కుట్టడం ముఖ్యం. ఇంతసేపు దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు! జీన్స్ కాలును తిరగేసి, అడుగున నైలాన్ దారంతో రెండు వరుసల కుట్టు వేయించండి. సూది 16 గానీ 18 గానీ ఉండాలి, మామూలు చొక్కాల సూది విరుగుతుంది. పై వైపు నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలి మిగిలింది మూసేయాలి. సరుకును నేరుగా జీన్స్‌లో పోయకండి. దగ్గరి నేత ఉన్న పాత దిండు గలీబుతో లోపలి సంచి ఒకటి కుట్టి, దాన్ని ఇందులోకి దూర్చాలి. జీన్స్ నేతలోంచి సన్న ఇసుక రాలుతుంది. రాలిందంతా ట్రిగ్గర్‌లో, స్కోపు మరల్లో చేరుతుంది. నీళ్ల సీసా పైభాగం కోసి బోర్లిస్తే గరాటు తయారు. సందును చేతి కుట్టుతోనే మూయండి, రేపు సరుకు తీయాలన్నా కలపాలన్నా విప్పుకోవచ్చు. తోలు బాగుంటుందని ఎవరైనా అంటే వినకండి. మన వానలకు తోలు బూజు పడుతుంది.

పెందుర్తి పొలం
కుట్టు సంగతి బాగా చెప్పారు. ఇక అమ్మగారి మాట కొట్టిపారేయకండి. బియ్యానికైతే నెల తిరగకుండా పురుగు పడుతుంది. చోళ్లు అలా కాదు, చక్కగా ఆరబెట్టి దాస్తే ఏళ్లకు ఏళ్లు ఉంటాయి, పురుగు వాటి జోలికి అంతగా రాదు. గింజ చిన్నది, గుండ్రనిది. సంచిని నొక్కితే ఎంత నొక్కామో అంతే ఒదుగుతుంది, వదిలితే తిరిగి లేవదు. ఊక, రంపపు పొట్టు పోసిన సంచులకు ఈ గుణం లేదు. నొక్కినా పైకి లేస్తాయి, గురి పెట్టేలోపు రైఫిల్ ముక్కు కదిలిపోతుంది.

గాజువాక యార్డ్
పురుగు రాదు సరే, ఎలుక? ఇంట్లో మూల పెట్టిన చోళ్ల సంచిని రాత్రికి రాత్రి కొరికి వదిలేస్తుంది. అయినా తినే గింజను ఇలా వాడడం నాకు నచ్చదు, అది వేరే విషయం.

పాత గురి
అందరూ సరుకు చుట్టూ తిరుగుతున్నారు. అడిగినవారు చెప్పిన అసలు మాట ఎవరి చెవినా పడలేదు. ఆయనది స్ప్రింగ్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికి చేరి గాలి మెత్త మీద ఆగేసరికి రైఫిల్ ముందుకు జరుగుతుంది. ఇదంతా పెల్లెట్ గొట్టంలోంచి బయటపడేలోపే మొదలవుతుంది. కాబట్టి రైఫిల్ కింద ఏది తగిలి ఉందో, అది ఎంత గట్టిగా ఉందో గురికి తెలుస్తుంది. బిగించి నింపిన ఇసుక సంచి మీద నేరుగా పెడితే రైఫిల్ దాని మీద ఎగురుతుంది. పెల్లెట్లు ఒక చోట పడవు, పడినా చేత్తో పట్టి కాల్చినప్పటి చోట పడవు. గాజువాక వారు కోరే ఆ కదలకపోవడమే ఈ రైఫిల్‌కు శత్రువు.

స్ప్రింగ్ రైఫిల్ వాళ్లు చేసే పని ఒకటే. సంచి మీద ఎడమ అరచేయి పరిచి, అరచేతి మీద రైఫిల్‌ను బిగించకుండా ఆనిస్తారు. ప్రతిసారీ అదే చోట, అంతే ఒత్తిడితో. ముందే గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ అయితే ఈ గొడవ లేదు, దాన్ని ఇసుక సంచి మీద హాయిగా పెట్టవచ్చు. ఏ రైఫిల్ అయినా గొట్టం కింద మాత్రం సంచి పెట్టకండి, ముందున్న కర్ర భాగం కిందే పెట్టాలి.

గాజువాక యార్డ్
నేను వాడేది పీసీపీ. నాకు ఇసుకే నప్పింది.

పాత గురి
నప్పుతుంది, నేను కాదనలేదే! ఆయనది వేరని అంటున్నాను.

మద్దిలపాలెం నిలబడి
అడగని మాట చెబుతున్నానేమో, క్షమించాలి. అసలు సంచి ఎందుకు? పోటీల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ అంటే నిలబడి, ఏ ఆసరా లేకుండా కాల్చడం. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం తెచ్చింది ఆ విభాగంలోనే. 2012 లండన్‌లో మన తెలుగు నేల మీద పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ అందులోనే. మొదటి రోజు నుంచే బల్లకు అలవాటు పడితే కాళ్ల నిలకడ ఎప్పుడు వస్తుంది?

సీతమ్మధార పాఠకుడు
రెండు వేరు వేరు పనులండీ. నిలబడి కొట్టినప్పుడు పెల్లెట్ పక్కకు పోతే తప్పు మనిషిదా, స్కోపుదా, ఆ డబ్బా పెల్లెట్లదా అన్నది ఎలా తెలుస్తుంది? మనిషి వణుకును లెక్కలోంచి తీసేయడానికే సంచి. ఒకే రైఫిల్ రెండు కంపెనీల పెల్లెట్లతో రెండు రకాలుగా కొడుతుంది. ఆ సంగతి బల్ల మీదే తేల్చుకుని, తర్వాత నిలబడి చెమటోడ్చాలి.

మద్దిలపాలెం నిలబడి
స్కోపు సరిచేయడానికైతే ఒప్పుకుంటాను. రోజూ అయితే ఒప్పుకోను.

నిర్వాహకుడు
కొత్తగా చదివేవారికి రెండు మాటలు. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ల శక్తి దాటని, 4.5 మి.మీ. మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అలాగని మేడ మీద నుంచి పిట్టలను కొట్టిన కథలు ఇక్కడ రాస్తే తీసేస్తాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. ఇంట్లో కాల్చేవారు కళ్లద్దాలు పెట్టుకోండి, ఇనుము మీద పడ్డ పెల్లెట్ ముక్కలు వెనక్కి వస్తాయి.

మురళీనగర్ కొత్తవాడు
అందరికీ నమస్కారాలు. ముందు సంచి, వెనక సంచి రెండింటికీ ఒకే సరుకు పోయాలా? వెనక సంచిని ఎడమ చేత్తో పిసికి రైఫిల్ ఎత్తు మారుస్తారని ఎక్కడో చూశాను.

పాత గురి
వెనక సంచి పని అదే. పిసికితే వెనక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. వదిలితే ముక్కు లేస్తుంది. నిండుగా కూరితే పిసకడానికి చోటుండదు కాబట్టి ముప్పావు దాకా పోసి వదిలేయాలి. అందులో చోళ్లే పోయండి, చేతికి చక్కగా ఒదుగుతాయి. ముందు సంచిలో ఇసుక పోసుకోండి, మీ అరచేయి మధ్యలో ఉంటుంది గనుక గట్టిదనం రైఫిల్‌కు తగలదు. అయితే స్ప్రింగ్ రైఫిల్‌కు వెనక సంచి కూడా అనుమానమే. రైఫిల్ మడమ భాగం (వెనక చివర) భుజానికి ఆనీ ఆననట్టు ఉంచి, ముందు అది లేకుండా కాల్చి చూడండి.

పెందుర్తి పొలం
చోళ్లను పోసే ముందు ఒక పూట ఎండలో పెట్టండి. చెమ్మ ఉంటే సంచిలో ముక్క వాసన వస్తుంది.

గాజువాక యార్డ్
ఎలుక సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు.

కంచరపాలెం కుట్టు మిషన్
పని అయ్యాక మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో వేసి పెట్టుకోవాలి. సంచిని ఆ డబ్బాలో పట్టే కొలతకే కుట్టించండి.